ముక్కుతో సహా వచ్చిన కార్బన్

మా అమ్మ దాలమ్మ ముక్కుకి ఒంటిరాయి ముక్కుపుడక ఒకటుంది. నేను పుట్టిన ఏడాది మా నాన్న అసిరయ్య ఇక్కడ టాటానగర్‌లో, బిష్టుపూర్ బజారులో కొని తెచ్చిన వజ్రం అది. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో అది అమ్మ ముక్కు దిగడం నేను చూడలేదు. స్నానానికి తియ్యదు, నిద్రకి తియ్యదు. పోయినేడాది మోకాలికి స్కానింగ్ అని తీసుకెళ్తే, ఒంటిమీద నగలన్నీ తీసెయ్యమంది నర్సు. మోకాలికీ ముక్కుకీ సంబంధమేమిటని ఆ పిల్లతో దెబ్బలాడి, స్కానింగే వద్దని ఇంటికొచ్చేసింది. మొగుడు బతికుండగా ముక్కు బోసిగా పెట్టుకోకూడదట. మరి మోకాలి మాటేమిటని అడిగాను. కుంటితే కుంటుతానంది.

నేను సోనారిలో ఒక బళ్ళో సైన్సు చెబుతాను. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు టీచర్ని. మార్చి నెల వచ్చిందంటే, వచ్చే ఏడాది ఉంచుతారో ఊడబీకుతారో తెలియక ఇంట్లో అందరిమీదా అరుస్తూ ఉంటాను. మా ఆయన చినబాబు టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరు. మార్చిలో ఆయన ఓవర్‌టైం కావాలని అడిగి మరీ చేస్తాడని నా అనుమానం.

మొన్న డిసెంబరులో ఒక పర్మనెంట్ పోస్టు పడింది. దానికి ముగ్గురం. ఒక్కొక్కరూ పదో తరగతి పిల్లలకి నలభై నిమిషాల పాఠం చెప్పి చూపించాలి. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారూ, రాంచీ నుంచి వచ్చే రిటైర్డ్ కెమిస్ట్రీ ప్రొఫెసరు బలరామ్ సారూ కూర్చుంటారు. ఆ పెద్దాయన గురించి అప్పటికే చాలా విని ఉన్నాం. బోర్డు మీద బొమ్మ గీస్తే ఆయనకి ఆనదు, వస్తువు తెచ్చి పిల్లల చేతిలో పెట్టాలి. పాఠం ఏదన్నదానికి చీటీలు వేశారు. నాకు "కార్బన్ రూపాంతరాలు" వచ్చింది.

నాకు నవ్వాగలేదు. ఈ ఊళ్ళో కార్బన్ నాకంటే ఎవరికి దగ్గర? నాన్న ముప్ఫై ఆరేళ్ళు ఉక్కు కంపెనీలో, బొగ్గుని కోక్‌గా కాల్చే ఓవెన్ల దగ్గర పని చేశాడు. ఆయన ఖాకీ చొక్కాలు ఉతికిన నల్లనీళ్ళు చూస్తూ పెరిగిన దాన్ని. చినబాబు జేబులో పాత రైలింజన్ల మోటార్లలోంచి తీసిన కార్బన్ బ్రష్ ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎవరింట్లో తాళం బిగుసుకుపోయినా దాన్ని గీకి ఆ పొడి తాళంలో పోస్తాడు. అమ్మ ఇప్పటికీ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పడుతుంది. సాంబ్రాణి పొగకి బొగ్గులు ఎలాగూ ఉన్నాయి. ఇక మిగిలింది వజ్రం ఒక్కటే.

ఆదివారం ఊళ్ళోనే ఉన్న అగ్రికో వెళ్ళాను. అమ్మా నాన్నా అక్కడ మా అన్నయ్య పేరున ఉన్న క్వార్టర్లో ఉంటారు. అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, శనివారం ఒక్క గంట నీ ముక్కుపుడక ఇయ్యవా?"

"ఇయ్యను."

"పిల్లలకి వజ్రం చూపించాలమ్మా. నా ఉద్యోగం పని."

"గంటసేపు బోసిముక్కు ఏసుకుని నానెలాగుంటానే? మీ నాన్న ఒకలున్నారన్న గ్యానం ఉన్నాదా నీకు? కావాలంటే ముక్కుతో సహా తీస్కెల్లు."

ఆవిడ కోపంగానే అంది. కానీ నేనూ ఆవిడ కడుపున పుట్టినదాన్నే.

"సరే. ముక్కుతో సహా రా."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. కాసేపు నా మొహంలోకి చూసి, "ఏ చీర కట్టుకోవాలి?" అని అడిగింది.

ప్రిన్సిపాల్ గారిచ్చిన ఫారంలో, పాఠానికి బయటివారి సహకారం ఏమైనా ఉంటే రాయమని ఒక గడి ఉంది. కోక్ గడ్డలు చూపించడానికి నాన్నని కూడా రమ్మన్నాను గనక, అసిరయ్య, రిటైర్డ్, కోక్ అని రాశాను. దాని కింద దాలమ్మ, వజ్రం అని రాశాను. ప్రిన్సిపాల్ గారు అభ్యంతరం చెప్పలేదు. అమ్మ ఆ సాయంత్రానికే వీధిలో అందరికీ చెప్పేసింది, తను బళ్ళో పాఠం చెప్పడానికి వెళ్తున్నానని.

నాన్న మాత్రం ఆ వారమంతా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే "ఊఁ" అనేవాడు. అన్నం సరిగ్గా తినడం లేదని అమ్మ చెప్పింది. ఆయన వేలికి ఒక వెండి ఉంగరం ఉంది. రిటైరైన ఏడాది అమ్మ చేయించి పెట్టింది, మధ్యలో చిన్న తెల్లరాయి. శుక్రుడికి మంచిదని ఎవరో పంతులుగారు చెప్పారట. నాన్నకి దిగులేస్తే దాన్ని తిప్పుకుంటూ కూర్చుంటాడు, మరీ దిగులేస్తే కళ్ళకద్దుకుంటాడు. ఈ వారంలో రోజుకి నూరుసార్లు అద్దుకుంటున్నాడని అమ్మ నవ్వింది. పిల్లల ముందు నిలబడాలంటే బెదురు కాబోలనుకున్నాను.

శనివారం పొద్దున్నే వాళ్ళని తీసుకెళ్ళడానికి ఆటో కట్టించుకుని వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. నాన్న పెరట్లో గోనెసంచీ ముందు గొంతుకూర్చుని కోక్ గడ్డలు ఏరుతున్నాడు. రెండేసి గడ్డలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. మంచి కోక్ ఖణేలుమంటుంది. పచ్చిగా దిగినది మొద్దుగా మోగుతుంది. ల్యాబులో తేల్చడానికి పూట పట్టే సంగతి ఆయన చెవితో తేల్చేవాడని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"త్రివేణీ, ఇలాగ రా," అన్నాడు. అమ్మ లోపల చీర కట్టుకుంటోంది. గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అది గాజు."

"ఏది?"

"మీ అమ్మ ముక్కుకున్నాది. వజ్రం కాదు. గాజురాయి."

నాన్న కోక్ గడ్డల వైపు చూస్తూ మిగతాది చెప్పాడు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు మాటిచ్చినాను, బిడ్డ పుడితే వజ్రప్పుడక ఎట్టిత్తానని. ఆ ఏడు బోనసంతా మా తమ్ముడి ఆపరేషన్‌కి అయిపోయింది. మీ అమ్మ ఒక్క మాట అన్లేదు. అన్లేదు గానీ, నానే ఉండలేకపోయినాను. నగల కొట్టు సేఠ్ దగ్గరికెల్లి గాజురాయి ఎట్టించి తెచ్చినాను. మల్లీ ఏడు బోనసొచ్చినాక గప్‌చుప్‌గా మార్చేద్దామనుకున్నాను. ఎలాగ మారుత్తానే? అది ముక్కు దిగితే కదా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం వచ్చింది.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు నోరు మూసుకుని ఉన్నావు. ఈవేళే తెరవాలా నాన్నా? ఇంకో గంటలో పాఠం!"

"అందుకే సెప్పినాను. పరీచ్చలూ గిరీచ్చలూ ఏటీ పెట్టకు దాని మీద."

"అమ్మకి తెలిస్తే మాత్రం ఏమవుతుంది? నాలుగు తిడుతుంది, అంతేగా."

"తిట్టదు," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిడితే బాగుండును. ఏటీ అనదు. ఆ పుడక తీసి పక్కనెట్టేత్తాది. అద్దంలో సూసుకోడం మానేత్తాది. నాను రోజూ ఆ మొకం ఎలాగ సూడగలను?"

ఆయన చెప్పింది నిజమే. అమ్మ నోరు పెద్దదే గానీ, అసలు నొప్పి తగిలినప్పుడు మాట్లాడదు.

నా పెట్టెలో పాఠం కోసం ఒక గాజుపూస కూడా ఉంది. పోయిన వారం క్లాసులో వజ్రాన్ని పరీక్షించే తేలికపాటి దారి ఒకటి చెప్పాను. రాయి మీద ఊపిరి ఊదితే ఆవిరి పడుతుంది. గాజు మీద ఆ మసక కొంతసేపు నిలుస్తుంది. వజ్రం మీద నిలవదు, ఎందుకంటే వేడిని తీసుకెళ్ళడంలో వజ్రం రాగిని కూడా మించిపోతుంది, ఆవిరి చిటికెలో ఎగిరిపోతుంది. అమ్మ ముక్కుపుడకనీ పూసనీ పక్కపక్కన పెట్టి చూపిద్దామని సరదా పడ్డాను. ఇప్పుడా పూస తీసి నాన్న గోనెసంచీలోకి విసిరేశాను. చూపించి ఊరుకుందాం, పరీక్ష ఊసే ఎత్తొద్దనుకున్నాను.

అమ్మ జరీ అంచు చీరలో బయటికొచ్చింది. ముక్కు మీద ఆ రాయి తళుక్కుమంది. గాజుకి ఎంత పొగరో అనుకున్నాను.

పాఠం హిందీలోనే, బాగా నడిచింది. నా గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ, నిజం. నాన్న రెండు కోక్ గడ్డలు ఖణేలుమనిపించి, "సునో బచ్చా లోగ్, కోయలా ఐసా నహీ బోల్తా," మామూలు బొగ్గు ఇలా పలకదు, అనేసరికి పిల్లలంతా ముందుకి వంగారు. మామూలు బొగ్గుని గాలి తగలనివ్వకుండా పద్దెనిమిది గంటలు కాలిస్తే పొగా తారూ పోయి ఈ గట్టి గడ్డ మిగులుతుందనీ, ఫర్నేసులో ఇనుపరాయి బరువంతా మోస్తూ మండేది ఇదేననీ నేను చెప్పాను. చినబాబు ఇచ్చిన బ్రష్ ముక్కని బ్యాటరీకీ బల్బుకీ మధ్య పెడితే బల్బు వెలిగింది. పెన్సిల్ ములుకుతో గీత గీయించి, గ్రాఫైట్‌లో పొరలు దొంతర పెట్టిన అప్పడాల్లా ఉంటాయనీ, ఒకదాని మీంచి ఒకటి జారిపోబట్టే కాగితం మీద గీత పడుతోందనీ, తాళం తిరుగుతోందనీ చెప్పాను. సిరా కలిపిన నీళ్ళు సాంబ్రాణి బొగ్గుల పొడిలోంచి దిగి రంగు పోగొట్టుకుని వచ్చాయి. అమ్మ తను పట్టిన కాటుక వేలితో తీసి పలక మీద చుక్క పెట్టింది. ఇదీ కార్బనే, దీపం సరిగ్గా మండకపోతే వచ్చే మసి అన్నాను. దీపం సరిగ్గానే మండిందని అమ్మ తెలుగులో సణిగింది.

అన్నీ నల్లవే చూపించాక, "ఇప్పుడు తెల్లది," అన్నాను.

అమ్మ లేచి వచ్చి పిల్లల ముందు స్టూలు మీద కూర్చుంది. నా ఫోన్ కెమెరాని స్మార్ట్ బోర్డుకి కలిపాను. బోర్డు మీద అమ్మ ముక్కు తలుపంత వెడల్పున కనబడేసరికి క్లాసంతా గొల్లుమంది. వెనక బలరామ్ సార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఇందులో ప్రతి అణువూ చుట్టూ ఉన్న మరో నాలుగు అణువుల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, జారే పొరలు లేవు, అందుకే ఇంత గట్టిది అని నా మానాన నేను చెప్పుకుపోతున్నాను. నాన్న కిటికీ పక్క బెంచీలో ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ముందు బెంచీలో తనుశ్రీ చెయ్యెత్తింది. క్లాసు ఫస్టు. మామూలు రోజుల్లో ఆ పిల్లంటే నాకు ప్రాణం.

"మేడమ్, ఫూంక్ వాలా టెస్ట్ కరేఁ?"

ఊది చూద్దామంటోంది. పోయిన వారం నేను నేర్పిన ఊదుడే. నాన్న చెయ్యి ఉంగరం మీద ఆగిపోయింది. బలరామ్ సార్ పెన్ను తీసుకుని, "హాఁ, కరియే," అన్నారు.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆవిరి చల్లటి రాయి మీదే మసకగా పడుతుంది. అమ్మ ముక్కు మీది రాయికి ఒంటి వేడి ఉంది. దాని మీద ఎవరు ఎంత ఊదినా మసక నిలవదు, అది గాజైనా సరే. నేను అబద్ధమాడక్కర్లేదు. ఆ పని ప్రయోగమే చేసి పెడుతుంది.

"రా తనుశ్రీ, ఊదు," అన్నాను.

తనుశ్రీ వచ్చి ఊదింది. అమ్మకి చక్కిలిగింతలై కిలకిలా నవ్వింది. బోర్డు మీద రాయి మెరుస్తూనే ఉంది, మసక లేదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాన్న బెంచీకి చేరగిలబడి గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అంతటితో అయిపోయేది. కానీ తనుశ్రీ తన చోటుకి వెళ్ళి నోటుబుక్కు తెరిచి, స్కేలు పెట్టి గీత కొట్టి, దాని కింద రాయడం మొదలెట్టింది: పరీక్ష, పరిశీలన, నిర్ధారణ. నిర్ధారణ దగ్గర వజ్రం అని రాసి రెండు గీతలు గీసింది. ఆ పిల్ల నేనేం చెబితే అది అలా గీత కొట్టి రాసుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా నా జీతం ఎంత తక్కువైనా ఏ పిల్ల పుస్తకంలోనూ తెలిసి తప్పు రాయించలేదు. నాకు ఒళ్ళు మండింది, నా మీద నాకే.

"ఆగండి," అన్నాను. "తనుశ్రీ, అది కొట్టెయ్. ఈ పరీక్ష చెల్లదు."

చప్పట్లు ఆగిపోయాయి. రాయి ముక్కు వేడికి వెచ్చగా ఉందనీ, వెచ్చటి గాజు కూడా ఇలాగే ఉంటుందనీ, రెండు రాళ్ళనీ ఒకే చల్లదనానికి తెచ్చి పక్కపక్కన పెట్టి ఊదితేనే లెక్కకొస్తుందనీ చెప్పాను. "ఈ రాయి ముక్కు మీంచి దిగదు. అది మా ఇంటి ఆచారం. కాబట్టి ఇది వజ్రమో కాదో ఈవేళ మనకి తెలియదు. తెలియదు అని రాసుకోండి. అది కూడా జవాబే."

ఇటు నిజమూ చెప్పాను, అటు నాన్ననీ కాపాడాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. తీరా చూస్తే అమ్మ రెండు చేతులూ ముక్కు దగ్గరికి పోనిచ్చింది.

"దిగదని ఎవులన్నారే?" అంది తెలుగులో. "పిల్లలకి తప్పు సెప్పకూడదు." వేలితో లోపలి మర తిప్పి, ముక్కుపుడక తీసి నా అరచేతిలో పెట్టింది. వెంటనే పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఆ చిన్న రాయి నా చేతిలోకొచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. నాన్న వైపు చూసే ధైర్యం లేకపోయింది.

"పక్కన పెట్టడానికి గాజు లేదమ్మా," అన్నాను. అదే నా ఆఖరి ఆశ.

"గాజు కావాలేటి? మీ నాన్న ఏలికున్నాది సూడు. అది గాజే."

"ఇది శుక్రుడి రాయి!" నాన్న లేచి నిలబడ్డాడు.

"గాజే. ఇలాగియ్యి."

క్లాసులో ఆ మాటలు మా ముగ్గురికే అర్థమయ్యాయి. బలరామ్ సార్ ఆసక్తిగా చూస్తున్నారు. నాన్న ఉంగరం తీసి ఇచ్చాడు. క్యాంటీన్ నుంచి మంచుముక్కలు తెప్పించి, వాటి మీద స్టీలు పళ్ళెం పెట్టి, పళ్ళెంలో ఉంగరాన్నీ ముక్కుపుడకనీ పక్కపక్కన ఉంచాను. ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలూ బలరామ్ సార్ నాన్నని కోక్ గురించి ఏవేవో అడిగారు. ఎర్రగా కాలి బయటికొచ్చిన కోక్ మీద నీళ్ళు ఎందుకు కుమ్మరిస్తారంటే, లేకపోతే గాలి తగిలి బూడిదైపోతుంది సాబ్ అని చెప్పాడు నాన్న, కళ్ళు మాత్రం పళ్ళెం మీంచి కదల్లేదు. అమ్మ కొంగు చాటున స్టూలు మీద హాయిగా కూర్చుని ఉంది. పాపం, ఏమీ తెలియదనుకున్నాను.

తనుశ్రీ పళ్ళెం మీదికి వంగి ఊదింది. బోర్డు మీద రెండు రాళ్ళూ ఒక్కసారి మసకబారాయి.

"ఏక్," అన్నారు పిల్లలు.

ఒక రాయి తేటబడింది. రెండో రాయి మసకగానే ఉంది.

"దో. తీన్. చార్."

నాలుగుకి గానీ రెండోది తేటబడలేదు. అది వెండిలో పొదిగిన రాయి. ముందు తేటబడింది అమ్మది.

నేను పళ్ళెం వైపు చూశాను, బోర్డు వైపు చూశాను, మళ్ళీ పళ్ళెం వైపు చూశాను. ఇంతలో కిటికీ పక్కనుంచి కేక.

"తప్పు! తప్పు! మల్లీ ఊదండి!"

నాన్న. పొద్దున్న పరీక్ష పెట్టొద్దని కాళ్ళావేళ్ళా పడ్డ మనిషి, పరీక్ష నెగ్గితే ఒప్పుకోనంటున్నాడు. ముప్ఫై ఆరేళ్ళు కోక్ మోత విన్నవాడు, తన కళ్ళముందు గాజు వజ్రంలా నడుచుకుంటే ఊరుకోలేకపోయాడు.

"క్యా కహ్ రహే హైఁ?" అని అడిగారు బలరామ్ సార్.

"ఒక్కసారి చేస్తే చాలదు, మళ్ళీ చేసి చూడమంటున్నారు సార్."

"బిల్కుల్ సహీ!" అంటూ ఆయన లేచొచ్చారు. "ప్రయోగమంటే మూడుసార్లు."

మూడుసార్లూ అమ్మ రాయి ఒకటి దగ్గరే తేటబడింది. మూడుసార్లూ నాన్న రాయి నాలుగూ ఐదూ దాకా మసకగా ఉంది. ఇది గట్టి సూచన గానీ తుది తీర్పు కాదు, తుది తీర్పు నగల కొట్లో యంత్రం చెప్పాలి అని పిల్లలకి చెప్పి, అలాగే రాయించాను. బెల్లు కొట్టారు. తనుశ్రీ నిర్ధారణ కింద ఈసారి పెన్సిల్‌తో గీత గీసింది.

ఉద్యోగం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. జనవరిలో ఉత్తరం వచ్చింది, పర్మనెంటు. పరీక్ష చెల్లదు అన్న మాట దగ్గరే మార్కులు వేసేశానని బలరామ్ సార్ ప్రిన్సిపాల్ గారితో అన్నారట. చినబాబు లోకోషెడ్డంతా మిఠాయి పంచాడు. ఈ మార్చిలో ఇంట్లో అరుపుల్లేక తోచడం లేదంటున్నాడు.

కానీ ఆ శనివారం నాకు ఉద్యోగం గుర్తే లేదు. సైకిల్ స్టాండు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. పైన సోనారి ఏరోడ్రోమ్ నుంచి లేచిన బుల్లి విమానం ఒకటి చప్పుడు చేసుకుంటూ పోయింది. అది పోయేదాకా నాన్న ఆగాడు.

"దాలమ్మా. నాను కొన్నాది గాజు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు రిటైరైన నెల్లో రాయి ఊగుతుంటే సేఠ్ దగ్గరికెల్లినాను. మిసను పెట్టి సూసి, యే తో కాంచ్ హై మాఁజీ అన్నాడు, ఇది గాజని." అమ్మ కొంగు ముక్కుకి అడ్డంగానే ఉంది. "మాయమ్మ గుండ్లపేరులోవి నాలుగు బంగారు గుండ్లు ఇచ్చేసి వజ్రం ఎట్టించుకున్నాను. నువ్వు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మల్లీ ముక్కుకున్నాది."

"కోపం రాలేదేటి?"

"ఎందుకు రాదు? మూడ్రోజులు నీకు కూరలో ఉప్పెయ్యలేదు."

నాన్న గుర్తు తెచ్చుకున్నాడు. "బీపీకేమో అనుకున్నాను."

"నోరెత్తకుండా తిన్నావు. నాలుగో రోజు నాకే జాలేసింది." అమ్మ గొంతు కొంచెం మెత్తబడింది. "నీ అంతట నువ్వే సెప్తావని సూసినాను. పన్నెండేల్లు సూసినాను. బోనసులిచ్చే దసరా వొచ్చినప్పుడల్లా నా ముక్కు సూసి మొకం తిప్పేసుకునేవోడివి. సెప్పొచ్చు కదయ్యా!"

నాన్న చేతిలో ఉన్న ఉంగరం వైపు చూసుకున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. ఆయనకి ఇంకొక క్షణం పట్టింది.

"అయితే ఈ శుక్రుడు?"

"శుక్రుడూ లేడు, పంతులుగారూ లేరు. అది నువ్వెట్టిన రాయే. ఇరవై ఆరేల్లు నా ముక్కునున్నాది. గాజయితే మాత్రం పారెయ్యడానికి మనసెలాగొత్తాది? నీ ఏలికి సేయించినాను."

నాన్న ఉంగరాన్ని మళ్ళీ వేలికి తొడుక్కుని కళ్ళకద్దుకున్నాడు. దిగులేసినప్పుడు అద్దుకున్నట్టు కాదు. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. చెప్పకేం, చాలా సంతోషంగా ఉంది.

క్లాసులో అందరి ముందూ పెట్టుకోలేక కొంగున ముడేసుకొచ్చిన ముక్కుపుడకని అమ్మ ముడి విప్పి తీసింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయి మర దొరకడం లేదు, రెండుసార్లు జారింది. నేను చెయ్యి చాచాను. నాన్న నన్ను పక్కకి తప్పించి దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. కోక్ బట్టీల దగ్గర కాయలు కాసిన మొద్దు వేళ్ళు. ఆ బియ్యపుగింజంత రాయిని పట్టుకోవడానికే ఆయనకి చెమట్లు పట్టాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట ఇస్తానన్న వజ్రాన్ని ఆయన తన చేత్తో ఆవిడ ముక్కుకి పెట్టాడు. ఆటో వచ్చి హారన్ కొడుతున్నా ఇద్దరికీ పట్టలేదు.

"మెల్లిగా తిప్పవయ్యా," అంది అమ్మ. "కోక్ గడ్డ కాదు, నా ముక్కు."